క్యాబేజీ పండుగ మిగిలింది, చేలు ఎక్కడ?

జర్మనీ దేశపు దక్షిణ భాగంలో లైన్‌ఫెల్డెన్-ఎక్టర్‌డింగెన్ అని ఒక జంట ఊరుంది. ఏటా అక్టోబరులో అక్కడ క్యాబేజీ పండుగ చేస్తారు. వీధులు మూసేసి బల్లలు వేస్తారు. క్యాబేజీ గడ్డలు గుట్టలుగా పోస్తారు. ఊళ్లోని సంఘాలన్నీ తలా ఒక కొట్టు పెడతాయి. పక్కనున్న స్టట్‌గార్ట్ మహానగరం నుంచి జనం రైళ్లెక్కి వస్తారు. పులిసిన క్యాబేజీ, మాంసం, కొత్త ద్రాక్షసారా, బ్యాండు మేళం... చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ వీధి దాటి ఊరి అంచుకు వెళితే, ఒకప్పుడు క్యాబేజీ పండిన నేల మీద విమానాలు దిగుతుంటాయి. మన పిల్లలు ఇంజనీర్లయి కార్ల కంపెనీల్లో కొలువులకు స్టట్‌గార్ట్ వెళితే, వాళ్లు ఎక్కిన విమానం దిగేది కూడా ఆ చేల మీదే.

పల్లె పట్నం అంచున ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. అందుకే ఎక్టర్‌డింగెన్ కథ కొంచెం వివరంగా రాస్తున్నాను. దూరదేశం సంగతి మనకెందుకు అనుకోకండి. కథలో నడిచేవాళ్లు ఎకరం, అర ఎకరం రైతులే.

ముందు నేల సంగతి. స్టట్‌గార్ట్ నగరం గిన్నెలాంటి లోయలో ఉంటుంది. లోయకు దక్షిణం గట్టెక్కితే విశాలమైన మెట్ట మైదానం. దాని పేరు ఫిల్డర్. ఆ మాటకు అర్థమే పొలాలు. మంచుయుగంలో గాలి మోసుకొచ్చి పరిచిన మెత్తని పసుపురంగు మట్టి ఇది. శాస్త్రవేత్తలు దీన్ని లోయెస్ అంటారు. లోతైన నేల, రాయి రప్ప తక్కువ, నీటిని పట్టి ఉంచుకుంటుంది. జర్మనీలో మేలైన నేలల లెక్క తీస్తే ఫిల్డర్ పేరు ముందు వరుసలో వస్తుంది. ఈ మైదానం మీద ఊళ్లు దగ్గర దగ్గరగా ఉండేవి. ఎక్టర్‌డింగెన్, బెర్న్‌హౌజెన్, ప్లీనింగెన్, మోరింగెన్ ఇలా. ఒక ఊరి చర్చి గంట కొడితే పక్క ఊళ్లో వినిపించేంత దగ్గర.

ఈ నేలలో పుట్టిందే ఫిల్డర్ క్యాబేజీ. మనం చూసే గుండ్రని గడ్డ కాదు. పైకి కొసదేలి శంఖంలా ఉంటుంది. ఆకు పలచన, ఈనె సన్నం, రుచి కాస్త తీపి. ఒక్కో గడ్డ నాలుగైదు కిలోలు తూగడం మామూలే. 1772లోనే బెర్న్‌హౌజెన్ చర్చి పాస్టరు ఈ కొసగడ్డ క్యాబేజీ గురించి రాసిపెట్టాడు. చలికాలంలో ఆ దేశంలో పచ్చికూర దొరకదు గనక, సన్నగా తరిగి, ఉప్పు చల్లి, జాడీలో అదిమి, పైన బరువు పెట్టి పులియబెడతారు. మన ఊరగాయ జాడీ లాంటిదే, కారం, నూనె మాత్రం ఉండవు. పట్నం ఇళ్లకు ఈ సరుకు కావాలి. ఫిల్డర్ రైతుకు డబ్బు కావాలి. వందేళ్లకు పైగా ఈ లావాదేవీ ఇద్దరికీ మేలు చేసింది.

ఇక భూమి పంపకం. జర్మనీ ఉత్తర భాగంలో చాలాచోట్ల ఆస్తి ఒక్క కొడుక్కే పోతుంది. మిగతావాళ్లు కూలికో, పట్నానికో పోవాల్సిందే. కానీ ఈ వుర్టెంబర్గ్ ప్రాంతంలో మాత్రం మనలాగే. పిల్లలందరికీ, ఆడపిల్లలతో సహా, సమానంగా పంచాలి. దాంతో తరం తరానికీ చెక్కలు చిన్నవైపోయాయి. ఒకాయనకు అయిదెకరాలున్నా అవి పది చోట్ల. ఈ పద్ధతిని ఆ దేశపు పెద్దలు చాలామంది తిట్టారు. చిన్న కమతం గిట్టదు, రైతు ఎదగడు అన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ రెండో వైపు కూడా చూడాలి. స్టట్‌గార్ట్‌లో ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు ఇక్కడి మగవాళ్లు పొద్దున రైలెక్కి కార్ఖానాకు వెళ్లి, సాయంత్రం వచ్చి పొలంలో దిగేవారు. పగలు సేద్యం ఆడవాళ్లది. జీతం ఒక చేత్తో, పంట ఒక చేత్తో. ఫ్యాక్టరీ మూతపడితే పొలం ఉంది, పంట పోతే జీతం ఉంది. ఊరు ఖాళీ కాలేదు. భూమిలేని కూలీల వాడ పెద్దగా ఏర్పడలేదు. చిన్న కమతాన్ని చిన్నచూపు చూసే మేధావులు ఈ సంగతి చెప్పరు.

ఫిల్డర్ మీదే హోహెన్‌హైమ్ అనే చోట వ్యవసాయ విద్యాలయం ఉంది. అది పెట్టిన కారణం తెలుసుకోదగ్గది. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఆకాశాన్ని కమ్మి 1816లో యూరప్‌లో వేసవే రాలేదు. పంటలు కుళ్లాయి. వుర్టెంబర్గ్‌లో జనం ఆకలితో అల్లాడారు, వేలమంది దేశం విడిచి వెళ్లారు. అప్పుడు గద్దెనెక్కిన రాజు మొదటి విల్హెల్మ్ 1818లో ఈ విద్యాలయాన్ని స్థాపించాడు. కరవు చూసిన రాజు మంచి నేల పక్కనే బడి కట్టించాడన్నమాట. ఇప్పుడది పెద్ద విశ్వవిద్యాలయం. అక్కడి పిల్లలు నేలను కాపాడే పాఠాలు చదువుతుంటే, కూతవేటు దూరంలో అదే నేల మీద సిమెంటు పోశారు. చదువు ఒకవైపు, పరిపాలన ఒకవైపు. ఈ విడ్డూరం మన దగ్గరే ఉందనుకునేవాణ్ణి.

ఊరి బతుకు ఎలా ఉండేదంటే, మధ్యలో సెయింట్ స్టీఫెన్ చర్చి, పక్కన పంటలో పదోవంతు పన్ను కట్టించుకుని దాచే గాదె. ఆ గాదెలో ఇప్పుడు గింజ లేదు, ఊరి కార్యక్రమాలు జరుగుతాయి. ఈ చర్చిలో 1781 నుంచి 1790లో చనిపోయేదాకా పాస్టరుగా ఉన్న ఫిలిప్ మథేయుస్ హాన్ అనే ఆయన గురించి ఒక ముక్క చెప్పాలి. ఆదివారం ప్రసంగం చేసి, మిగతా రోజుల్లో గడియారాలు, లెక్కలు కట్టే యంత్రం, తూకం యంత్రాలు తయారుచేసేవాడు. ఆయన అంతకుముందు పనిచేసిన కొండ పల్లెల్లో ఆ విద్య పాతుకుపోయి, ఇప్పటికీ ఆ ప్రాంతం త్రాసుల పరిశ్రమకు పేరు మోసింది. దేవుడి మాట చెప్పే మనిషి సరైన తూకం గురించి కూడా ఆలోచించాడు. మార్కెట్ యార్డులో నిలబడ్డ రైతుకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

పట్నం ఒక్కరోజులో రాలేదు. మెట్టు మెట్టుగా ఎక్కింది. 1884లో స్టట్‌గార్ట్ నుంచి గట్టు మీది డేగర్‌లోక్‌కు పళ్లచక్రాల రైలు వేశారు. 1897లో ఫిల్డర్ ఊళ్లను కలుపుతూ చిన్నరైలు వచ్చింది. రైతులు సంతోషించారు. సరుకు సులభంగా దిగుతుంది గదా. సరుకు దిగిన దారినే పట్నం ఎక్కింది. 1908లో డేగర్‌లోక్ నగరంలో కలిసిపోయింది. 1942లో ప్లీనింగెన్, మోరింగెన్ కూడా కలిసిపోయాయి. ఎక్టర్‌డింగెన్ మాత్రం నగరంలో కలవలేదు. కలవనంత మాత్రాన తప్పించుకుందా అంటే, అదీ లేదు.

1908 ఆగస్టు 5న ఈ ఊరి పేరు దేశమంతా మోగింది. కౌంట్ జెప్పెలిన్ అనే ఆయన కట్టిన పెద్ద గాలినౌక ఇంజను చెడిపోయి ఎక్టర్‌డింగెన్ పొలాల్లో దిగింది. వేలాది జనం చూడ్డానికి వచ్చారు. మధ్యాహ్నం గాలివాన లేచి నౌకను తాళ్లు తెంపి ఈడ్చేసింది. చెట్లకు తగిలి మంటలంటుకుని బూడిదైంది. చిత్రమేమంటే, ఆ బూడిద చూసి దేశమంతా చందాలు పోగుచేసి 60 లక్షల మార్కులకు పైగా ఇచ్చారు. ఆ డబ్బుతో కొత్త కంపెనీ పెట్టి ఆయన మళ్లీ నౌకలు కట్టాడు. ఆకాశంలో ఎగిరే వస్తువు కోసం జాతి జాతంతా జేబు విప్పింది. ఆ పొలం కోసం చందా అడిగితే ఎవరిచ్చేవారో నాకు సందేహమే.

1937లో మొదలుపెట్టి 1939 నాటికి ఎక్టర్‌డింగెన్‌కు, బెర్న్‌హౌజెన్‌కు మధ్య విమానాశ్రయం కట్టారు. అది నాజీల రాజ్యం. రైతుల్ని అడిగే పద్ధతి అప్పుడు లేదు. యుద్ధం చివరలో, 1944 నవంబరులో, ఈ విమానాశ్రయంలో వెట్టిచాకిరీ చేయించడానికి 600 మంది యూదు ఖైదీల్ని తెచ్చారు. చలి, ఆకలి, జబ్బు. 1945 జనవరిలో శిబిరం ఎత్తేసేలోగా కనీసం 119 మంది చనిపోయారు. అరవై ఏళ్ల తర్వాత, 2005లో, అమెరికా సైన్యం వాడుకుంటున్న భాగంలో తవ్వకం పని జరుగుతుంటే 34 మంది ఎముకలు బయటపడ్డాయి. వాటిని మర్యాదగా అక్కడే సమాధి చేశారు. నేల అన్నీ దాచుకుంటుంది, మంచీ చెడూ. ఊరి చరిత్ర రాసేటప్పుడు క్యాబేజీ ఒక్కటే రాసి ఇది వదిలేయడం న్యాయం కాదు. అక్కడివాళ్లు కూడా చాలాకాలం మాట్లాడలేదు, తర్వాత మాట్లాడడం నేర్చుకున్నారు.

యుద్ధం తర్వాత తూర్పు ప్రాంతాల నుంచి తరిమేసిన జర్మన్లు లక్షల్లో వచ్చారు. వాళ్లకు ఇళ్లు కావాలి. కార్ల ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి. ఆ మనుషులకు మళ్లీ ఇళ్లు. చేల అంచుల్లో కాలనీలు లేచాయి. 1975 జనవరి 1న ప్రభుత్వం ఊళ్లను కలిపేసింది. లైన్‌ఫెల్డెన్, ఎక్టర్‌డింగెన్, ముస్‌బెర్గ్, స్టెట్టెన్ కలిపి ఒక పురపాలకం. అదే రోజు పక్కనున్న అయిదు ఊళ్లను కూడా కలిపేశారు, ఆ ఊరి పేరు ఇప్పుడు ఫిల్డర్‌స్టాట్. అయిదు పాత ఊళ్లలో ఒక్కదాని పేరూ అందులో లేదు. పాత పేర్లు ఇప్పుడు పేటల పేర్లుగా బతుకుతున్నాయి. 1993లో నగర రైలు విమానాశ్రయం దాకా వచ్చింది. ఇప్పుడు లైన్‌ఫెల్డెన్-ఎక్టర్‌డింగెన్ జనాభా సుమారు 40 వేలు. బాష్ కంపెనీ విద్యుత్ పనిముట్ల విభాగానికి అక్కడే ప్రధాన కార్యాలయం. పల్లె అనడానికి లేదు, పట్నం అనడానికి మనసొప్పదు.

రైతులు నోరు మూసుకుని కూర్చున్నారా? లేదు. విమానాశ్రయం ఇంకా పెంచుతామన్నప్పుడు 1967లో ఫిల్డర్ పరిరక్షణ సంఘం పెట్టారు. రైతులు, టీచర్లు, పాస్టర్లు, విమానాల మోత భరించలేని ఉద్యోగులు అందరూ చేరారు. దశాబ్దాలు పోరాడారు. అయినా 2,550 మీటర్ల రన్‌వేను 3,345 మీటర్లకు పొడిగించడం 1996లో పూర్తయింది. దానికోసం జాతీయ రహదారినే పక్కకు జరిపారు. ఆ తర్వాత వాణిజ్య ప్రదర్శనశాల వచ్చింది. పాతది నగరంలో ఇరుకైపోయింది, కొత్తది విమానాశ్రయం పక్కన కావాలన్నారు. రైతులు ఇవ్వమన్నారు. 1998లో రాష్ట్ర శాసనసభ ఆ ఒక్క ప్రదర్శనశాల కోసమే ప్రత్యేకంగా చట్టం చేసింది, అవసరమైతే నిర్బంధంగా భూమి తీసుకోవచ్చని. రైతులు కోర్టులదాకా వెళ్లారు. చివరికి 2004లో పని మొదలైంది, 2007 అక్టోబరులో రిబ్బను కత్తిరించారు. నేల ఆదా చేయాలని నాలుగు వేలకు పైగా కార్లు పట్టే పార్కింగును రహదారి మీద వంతెనలా కట్టారు. రైతులు అన్నేళ్లు గొడవ చేయకపోతే ఆ పార్కింగు కూడా చేలోనే ఉండేదని నా నమ్మకం. విమానాశ్రయానికి రెండో రన్‌వే కావాలన్నప్పుడు జనం మళ్లీ లేచారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఆలోచన పక్కనపెట్టింది. ఇప్పుడు విమానాశ్రయం ఒక్కటే దాదాపు 400 హెక్టార్లు, అంటే సుమారు వెయ్యి ఎకరాలు. వెయ్యి ఎకరాల మేలైన క్యాబేజీ నేల!

పరిహారం రాలేదా అంటారు. వచ్చింది, మంచి ధరే వచ్చింది. అమ్మినవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తండ్రి అమ్మిన చెక్కతో కొడుకు ఇల్లు కట్టుకున్నాడు, కూతురు చదువుకుంది. బడి, ఆసుపత్రి, రోడ్డు అన్నీ బాగున్నాయి. పేదరికం లేదు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని రైతు సోదరులు జాగ్రత్తగా చూడాలి. జర్మనీలో సాగుభూమిలో దాదాపు 60 శాతం కౌలు భూమి. తాత చెక్కలు పంచుకున్న మనవలు ఆఫీసు ఉద్యోగులు. దున్నేది మాత్రం ఊళ్లో మిగిలిన నాలుగైదు ఇళ్లవాళ్లు, పదిమంది దగ్గర పది చెక్కలు కౌలుకు పట్టి. భూమి పోయినప్పుడు ధర యజమానికి. కౌలుదారుకు కౌలు గడువు మిగిలినంతవరకూ ఏదో నష్టం కట్టిస్తారు. ట్రాక్టరు, కొట్టం, చల్లటి గది, అలవాటైన ఖాతాదారులు ఇవన్నీ అతనివి. నేల లేని ట్రాక్టరుతో ఏంచేస్తాడు? నేలను వదులుకున్నవాడికి డబ్బు, నేలను నమ్ముకున్నవాడికి వెతుకులాట. అభివృద్ధి లెక్కల్లో ఈ మనిషి ఎక్కడా కనిపించడు. మన దగ్గర కౌలుకు చేసేవాళ్లు ఎంతమందో, కాగితం మీద ఎంతమందో మీకే బాగా తెలుసు.

క్యాబేజీ తగ్గడానికి విమానాలు ఒక్కటే కారణం కాదు, అదీ చెప్పాలి. కొసగడ్డకు లోపలి కాడ పొడుగ్గా ఉంటుంది. ఫ్యాక్టరీలో గుండ్రని గడ్డకు యంత్రం ఒక్క తిప్పుతో కాడ తీసేస్తుంది, దీనికి మాత్రం మనిషి చెయ్యి కావాలి. కూలి పెరిగింది. ఫ్యాక్టరీలు గుండ్రని రకాలకు మళ్లాయి. రైతులూ మళ్లారు. ఇంత జరిగినా కొసగడ్డ చచ్చిపోలేదు. ఎందుకంటే కొన్ని ఇళ్లలో తల్లులూ అత్తలూ మంచి గడ్డలు ఏరి, చలికాలం దాచి, రెండో ఏడు పూత పూయించి, తమ ఇంటి విత్తనం తాము కట్టుకుంటూ వచ్చారు. క్యాబేజీ విత్తనానికి రెండేళ్లు పడుతుందని కూరగాయల రైతుకు తెలుసు. ఆ ఓపికే రకాన్ని బతికించింది. 2012లో ఐరోపా సమాఖ్య ఫిల్డర్ క్యాబేజీకి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ మైదానంలో పండినదాన్నే ఆ పేరుతో అమ్మాలి. మన గుంటూరు సన్నం మిర్చికి వచ్చిన గుర్తింపు లాంటిది. ఇప్పుడు మిగిలిన రైతులు ఇంటిముందే కొట్టు పెట్టి గడ్డ, పులిసిన క్యాబేజీ, గుడ్లు, బంగాళాదుంపలు నేరుగా అమ్ముకుంటున్నారు. పట్నం గుమ్మంలో ఉండటం వల్ల దళారీ లేడు. పట్నం మింగింది, పట్నమే కొంచెం బతికిస్తోంది.

అయితే గుర్తింపు పత్రం పేరును కాపాడుతుంది, నేలను కాపాడదు. మైదానమే లేకపోతే మైదానంలో పండిన సరుకు ఎక్కడిది? పండుగకు వచ్చేవాళ్లు ఏటా వేలల్లో. వాళ్లలో సగం మంది ఇంట్లో జాడీ లేదు, క్యాబేజీ పులియబెట్టడం రాదు. అయినా పండుగ వద్దని నేననను. ఊళ్లోని అగ్నిమాపక దళం జీతం లేని స్థానికులతోనే నడుస్తుంది. బ్యాండు మేళం, వ్యాయామ సంఘం, గ్రామీణ మహిళా సంఘం ఇంకా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఈ సంఘాల్లో చేరే ఊరివాళ్లవుతారు. పండుగ రోజు బల్లలు మోసేది వాళ్లే. ఊరు పొలంగా కరిగిపోయినా ఊరు మనుషులుగా కొంత నిలిచిందంటే ఈ సంఘాల చలవే. మన పక్క భజన మండళ్లు, యువజన సంఘాలు పట్నం సోకగానే ముందుగా మూతపడతాయి. వాళ్ల దగ్గర అవి చివరిదాకా నిలిచాయి.

జర్మనీ మొత్తం మీద 2000 సంవత్సరం ప్రాంతంలో ఇళ్లకు, రోడ్లకు, ఫ్యాక్టరీలకు రోజుకు దాదాపు 130 హెక్టార్ల నేల పోయేది. గొడవలు, చట్టాలు, జనం ఒత్తిడి కలిసి ఇటీవల అది రోజుకు 50 హెక్టార్లకు కాస్త పైకి దిగింది. 2030 నాటికి 30 లోపు తేవాలని ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. రోజుకు 50 హెక్టార్లంటే ఇప్పటికీ 120 ఎకరాలకు పైమాటే. తగ్గిందని చప్పట్లు కొట్టాల్సిన పనిలేదు, కానీ లెక్క పెడుతున్నారు, ఏటా బయటపెడుతున్నారు. మన జిల్లాలో నిరుడు ఎన్నెకరాల మాగాణి ప్లాట్లయిందో ఎవరైనా అధికారిని అడిగి చూడండి.

ఇంకొక్క సంగతి. జర్మన్లు పొలం పైపొర మట్టిని తమ భాషలో 'తల్లినేల' అంటారు. వాళ్ల భవన నిర్మాణ చట్టంలో దీనికి ఒక సెక్షనే ఉంది. ఎక్కడ కట్టడం మొదలుపెట్టినా ముందు తల్లినేలను విడిగా తీయాలి, పాడుకాకుండా, పనికొచ్చే స్థితిలో ఉంచాలి. తీసిన మట్టిని ఎత్తుగా పోయకూడదు, దాని మీద బండ్లు నడపకూడదు, ఎక్కువకాలం ఉంచాల్సివస్తే పైన పచ్చిరొట్ట చల్లాలి అని పద్ధతులున్నాయి. తర్వాత దాన్ని సారం తక్కువైన చేలకో, తోటలకో వేస్తారు. భూమిని ఆపలేకపోయినా మట్టిని దక్కించుకునే దారి ఇది. మన దగ్గర లేఅవుటు వేసేటప్పుడు, ఇటుక బట్టీకి అమ్మేటప్పుడు మొదట పోయేది ఆ జానెడు పొరే. చెరువు పూడిక మట్టి కోసం ట్రాక్టరుకు ఇంతని ఇచ్చి తోలుకుంటున్నాం గదా. పక్కనే కాలనీ కోసం తవ్విపోసే పొలం మట్టిని ఊరి రైతులకు ఇవ్వాలని పంచాయతీ తీర్మానం చేయడానికి పైసా ఖర్చు లేదు. వచ్చే గ్రామసభలో ఎవరైనా ఈ మాట లేవనెత్తితే బాగుంటుంది.